నడిసముద్రంలో కాకి

మా మేనత్త అమావాస్య రోజు వంటింటి తలుపేసుకుని అన్నం తినేది. తిరుత్తణి పక్కన మా ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. మిగతా ఇళ్ళలో ఆ రోజు పోయిన పెద్దల పేరు చెప్పి కాకికి ముద్ద పెట్టి, అది ముట్టిన తర్వాతే తినేవాళ్ళు. మా నాన్న కూడా తాత పేరున గోడమీద ముద్ద పెట్టి ‘కా, కా’ అని గొంతు చించుకునేవాడు. అత్త మాత్రం తన కంచం తీసుకుని లోపలికి పోయి గడియ పెట్టేది. ఆమె చేతి మెతుకు పొరపాటున కూడా కాకి నోట పడకూడదు. పడితే మామ చనిపోయాడని ఆమే ఒప్పుకున్నట్టు.

మామ కొత్తు పని చేసేవాడు, గోడలు కట్టడంలో మంచి పేరు. నలుగురితో కలిసి అండమాన్‌లో పనికి పోయాడు. పని ముగిశాక తిరుగు ఓడ ఎక్కాడని వెంట ఉన్నవాళ్ళు చెప్పారు. ఎక్కగా చూసినవాళ్ళు ఉన్నారు. మద్రాసు హార్బరులో దిగగా చూసినవాళ్ళు లేరు. బయలుదేరే ముందే దిగిపోయి అక్కడే ఉండిపోయాడని ఊళ్ళో సగం మంది, దారిలో సముద్రంలో పడిపోయాడని మిగతా సగం. రెండో మాట అత్త ముందర అన్నది ఒకే ఒక ముసలామె. ఆమెకు అత్త చీపురు చూపించింది. పిల్లాజెల్లా లేని అత్త అప్పటినుంచి మా ఇంట్లోనే ఉంది, నుదుట రూపాయంత బొట్టుతో.

అట్లా ఏళ్ళు గడిచాక, డెబ్బైల చివర్లో, పోర్ట్‌బ్లెయిర్ నుంచి సెలవుకు వచ్చిన పొరుగూరి మనిషి ఒకడు అచ్చం మామలాంటివాడు అక్కడ టీ అంగడి నడుపుతున్నాడని చెప్పాడు. అత్త ఆ పూటే అతిరసాలకు బియ్యం నానబోసింది. బెల్లం పాకంతో చేసే ఆ అప్పచ్చులంటే మామకు ప్రాణం. నాన్నకు నాట్ల కాలం, కదిలే వీల్లేదు. తిరువళ్ళూరులో టైపు క్లాసుకు పోతూ నాలుగు ఇంగ్లీషు ముక్కలు, రెండు హిందీ ముక్కలు పట్టుకున్న నన్ను తోడు పంపారు. నాకు అప్పటికి ఇరవై నిండలేదు. నోరు మాత్రం నలభై ఏళ్ళది.

ఓడలో మొదట్లో మేం చూసింది సముద్రం కాదు, వాంతుల బకెట్టు. ఆ బాధ తగ్గాక ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఓడ కదులుతున్నట్టే లేదు. కింద బంకు పడకల్లో చచ్చినట్టు పడి ఉన్నవాళ్ళంతా బతికి బట్టకట్టి పైకి వచ్చారు. నీళ్ళు నూనె పోసినట్టు నున్నగా ఉన్నాయి. గాలి లేదు, అల లేదు. మగవాళ్ళు దుప్పట్లు పరిచి పేకాటకు కూర్చున్నారు. ఎవరో ట్రాన్సిస్టర్ తిప్పుతూ ఉంటే గరగర తప్ప ఏమీ రావడం లేదు. ఓడ అంచు కమ్ములకు కట్టిన లుంగీలు, చీరలు కదలకుండా వేలాడుతున్నాయి. నాకైతే పుట్టి బుద్ధెరిగాక అంత సుఖమైన పొద్దు లేదు. పని చెప్పే అమ్మ లేదు, బస్సుకు పరుగు లేదు. అయినా ఎటు చూసినా ఒకటే నీలం, దాని మీద ఒక్క పిట్ట లేదు. కాసేపు చూస్తే ఎందుకో కళ్ళు తిప్పుకోవాలనిపించేది.

మధ్యాహ్నం కంచాల్లో అన్నం తెచ్చుకుని పైనే కూర్చున్నాం. మా పక్కన మింజూరు వైపు ఊరి అవ్వ ఒకామె, కొడుకు దగ్గరికి పోతోంది, అన్నం ముందు పెట్టుకుని ఆకాశం వైపు చూస్తోంది.

“ఏమవ్వా, తినకుండా సుమ్మా కూర్చోనుండావు?” అన్నాను.

“ఇయ్యాల అమావాస కదమ్మా. కాకి ముట్టకుండా యాడ తినేది?”

“నడిసముద్రంలో కాకి యాడుంటాది? చేపకు పెట్టవ్వా, అదీ ఎవురో ఒకరి తాతే అయింటాది.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే నెత్తిమీద ‘కా’ అని వినిపించింది.

ఓడ పక్కన కట్టి ఉంచిన చిన్న పడవ అంచు మీద కాకి కూర్చుని ఉంది. బూడిదరంగు మెడ, మామూలు ఊరకాకి. అందరం నోళ్ళు తెరిచాం. ఓడ పనివాడొకడు, మద్రాసులోనే ఎక్కి ఉంటుంది, అప్పుడప్పుడూ ఎక్కుతాయి అని హిందీలో చెప్పాడు. ఇన్నాళ్ళూ ఎక్కడ ఉందని అడిగితే తెలియదన్నాడు. అవ్వ చేతులు జోడించి ముద్ద పెట్టింది. ఆమెను చూసి ఇంకో ముగ్గురు నలుగురు కూడా పెట్టారు. కాకి దిగి వచ్చి ఒక్కో ముద్ద దగ్గరా తల వంచి చూసింది. దేన్నీ ముట్టలేదు. తర్వాత గెంతుకుంటూ మా అత్త ముందుకు వచ్చి నిలబడింది.

అత్త కంచం మీద కొంగు కప్పేసింది.

“ష్, పో! పాపా, తరుము దాన్ని.”

తరిమాను. అది రెండు గెంతులు వెనక్కి వేసి మళ్ళీ వచ్చింది. చెప్పు విసిరాను. చెప్పు పక్కగా పడింది, కాకి కదలలేదు. నన్ను చూడనే లేదు, అత్తనే చూస్తోంది. మేం కంచాలు తీసుకుని కింద బంకుల దగ్గరికి పోయాం. అక్కడ ఉక్క, పులిసిన వాసన. ముద్ద నోట పెట్టబోయి అత్త ఆగిపోయింది. మెట్ల పైన తలుపు దగ్గర, వెలుతురులో, నల్లగా అది కూర్చుని ఉంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

“అది ఓడ వంటగది వెనక మెక్కి కడుపు నిండినట్టుండాది అత్తా, ఏంటికి భయపడతావు?” అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

ఉక్కకు తాళలేక మళ్ళీ పైకి వచ్చేశాం. అత్త అన్నం అలాగే ఎండిపోయింది. పేకాట సాగుతూనే ఉంది, పిల్లలు ఆడుకుంటూనే ఉన్నారు. కాకి మాకు ఎదురుగా కమ్మి మీద కూర్చుంది. మింజూరవ్వకు మా సంగతేమీ తెలియదు. దాన్ని చూసి ఆమె జాలిగా అంది.

“పావం, ఎవురో ఆకలి మీద ఉండారమ్మా. పెట్టాల్సిన చెయ్యి పెట్టకపోతే అది ఎవురి దగ్గర తింటాది?”

అత్త అవ్వకు చీపురు చూపిస్తుందేమోనని భయపడ్డాను. అత్త నీళ్ళవైపు చూస్తూ కూర్చుంది. పొద్దు వాలింది. అప్పుడు నెమ్మదిగా అడిగింది.

“పాపా, ఒకవేళ ఆయన లేడనుకో. ఇన్నేండ్లూ ఆయనకి ఎవురు పెట్టింటారు?”

జవాబు ఇద్దరికీ తెలుసు. కొడుకు లేడు, తమ్ముడు లేడు. దినాలు చేస్తామని మామ దాయాదులు వస్తే గుమ్మం తొక్కనివ్వనిది అత్తే. నోరు నలభై ఏళ్ళదైనా ఆ పూట పనికి రాలేదు.

అత్త సంచిలోంచి అతిరసాల డబ్బా తీసింది. మామ ముందు తప్ప తెరవనని దారంతా ఒడిలో పెట్టుకుని వచ్చిన డబ్బా. మూత తీసి, ఒకటి తుంచి, చేయి చాపి కమ్మి మీద పెట్టింది. కాకి వెంటనే వచ్చింది. మామూలు కాకుల్లా లాక్కుని ఎగిరిపోలేదు. అక్కడే నిలబడి, నెమ్మదిగా, ముక్క తర్వాత ముక్క తింది. అత్త తుంచి పెడుతూనే ఉంది.

“తినయ్యా,” అంది. “నిన్ను బతికించుకుంటా ఉండానని అనుకుంటిని. పస్తు పెట్టినానే నిన్ను. ఇన్నేండ్లు పస్తు పెట్టేస్తినే.”

ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పేకాట వాళ్ళు ఒకసారి తిరిగి చూసి ముక్కలు పంచుకున్నారు.

కళ్ళు తుడుచుకుని చూసేసరికి కాకి లేదు. ఎగిరిన చప్పుడు వినలేదు. పడవల మీద, పొగగొట్టం దగ్గర, వంటగది వెనక అంతా వెతికాను. ఓడ పనివాడూ వెతికాడు. నేల కనిపించడానికి ఇంకా ఒక రాత్రి ప్రయాణం ఉంది. ఎక్కడికి పోతుంది? అత్త మాత్రం వెతకలేదు. ఎండిన అన్నంలో నీళ్ళు పోసుకుని తినేసి పడుకుంది.

పోర్ట్‌బ్లెయిర్‌లో టీ అంగడి దొరికింది. వెనకనుంచి ఆ మెడ, ఆ భుజాలు మామవే. అతను తిరిగాడు. కాదు. అత్త ముఖంలో మార్పే లేదు. టీ తాగి, మిగిలిన అతిరసాల డబ్బా అతని చేతిలో పెట్టింది. ఎవరమ్మా మీరు అని అతను తమిళంలో అడిగితే, తిరుత్తణి పక్క మనుషులమని చెప్పి లేచింది.

తిరుగు ప్రయాణమంతా నేను ఆకాశం చూస్తూనే ఉన్నాను. ఒక్క పిట్ట కూడా కనిపించలేదు.

ఊరికి వచ్చాక అత్త బొట్టు తీయలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు చీపురు చూపించింది. తర్వాతి అమావాస్యకు కంచం తీసుకుంటే అలవాటుగా వంటింట్లోకి దారి వదిలాను. ఆమె నన్ను దాటుకుని పెరట్లోకి నడిచింది. నాన్న ‘కా, కా’ అని పిలవబోయి ఆగిపోయాడు. కాకి అప్పటికే గోడ మీద కూర్చుని ఉంది.