తొమ్మిది చేపల తొట్టి

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది ప్రొద్దుటూరులో మత్స్య అభివృద్ధి అధికారిగా చేరాను. జమ్మలమడుగు దాకా ఉన్న చెరువుల్లో ఎన్ని చేపపిల్లలు వదలాలో లెక్క కట్టడం నా పని. ఆ లెక్కలో లోతు కన్నా నీటి విస్తీర్ణం ముఖ్యం. చేపకు కావలసిన గాలి నీళ్లలో కలిసేది పైనుంచే. ఈ విద్య ఒక నగల వ్యాపారి హాలులో అక్కరకొస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ వ్యాపారి రమణయ్యశెట్టి కొత్త ఇల్లు కట్టారు. వాస్తు చెప్పినాయన మాట మీద ఎనిమిది బంగారు రంగు చేపలు, ఒక నల్ల చేప తెచ్చి గాజు తొట్టిలో వేశారు. అవి ఒక్కొక్కటే చస్తున్నాయి. చచ్చినప్పుడల్లా ఇంకోటి తెచ్చి తొమ్మిది పూర్తి చేస్తున్నారు. చివరికి నన్ను పిలిపించారు. నేను వెళ్లేసరికి ఆయన తల్లి బట్టలు సర్దుకుని కూర్చుంది.

నన్ను చూడగానే, "ఈ ఇల్లు మాకు అచ్చిరాలే సారూ. నేను పాతింటికే పోతా" అంది. శెట్టి నన్ను గబగబా తొట్టి దగ్గరికి తీసుకెళ్లారు. కన్నతల్లే కాదని వెళ్లిపోయిన ఇంట్లో ఆయన మాత్రం ఎలా ఉంటారు?

తొట్టి చూస్తే నాకు నవ్వొచ్చింది. షోకేసులా నిలువుగా, సన్నగా చేయించారు. నీళ్లు చాలానే పడతాయి గానీ గాలి తగిలే చోటు బొత్తిగా లేదు. పైగా చేపల లెక్క ఈరోజు పొడవుతో వేయకూడదు, పూర్తిగా పెరిగాక వచ్చే పొడవుతో వేయాలి. ఇవన్నీ గోల్డ్‌ఫిష్ జాతివే, బంగారు రంగుదైనా నల్లదైనా జానెడు పెరుగుతుంది. టేపుతో కొలిచి, ఈ తొట్టికి ఒక్కటి కూడా ఎక్కువేనని చెప్పాను.

"ఒక్కటి గూడా వద్దా! తొమ్మిది లేకుంటే మాయమ్మ ఈడ ఉండదు సారూ" అని శెట్టి నీరుగారిపోయారు.

అప్పుడు నాకు తట్టింది. వాస్తు చెప్పినాయన అంకె, రంగు చెప్పాడే గానీ జాతి చెప్పలేదు. గోల్డ్‌ఫిష్‌లను మా ఆఫీసు సిమెంటు తొట్టికి తరలించి, వేలెడైనా పెరగని పసుపు ప్లాటీ చేపలు ఎనిమిది, చిన్న నల్ల మోలీ చేప ఒకటి వేయించాను. గాలి పంపు పెట్టించాను. అన్నీ మగవే ఉండాలని గట్టిగా చెప్పాను, ఆడది ఉంటే నెలనెలా పిల్లలు పెట్టి లెక్క తప్పిస్తుంది.

చావులు ఆగాయి. పెద్దావిడ బట్టలు మళ్లీ బీరువాలోకి చేరాయి. కొన్ని నెలలకు శెట్టి కబురు పెడితే వెళ్లాను. తొట్టి నిండా పిల్లలే! ఇదెవరి పనని అడిగాను.

"ఆడదిక్కు లేని ఇల్లు ఏం ఇల్లప్పా? ఒక మగదాన్ని అంగట్లో ఇచ్చేసి ఆడదాన్ని నేనే తెప్పిచ్చినా" అంది పెద్దావిడ. పిల్లల్ని గాజు సీసాల్లో పెట్టి, పేరంటానికి వచ్చినవాళ్లందరికీ తాంబూలంతో పాటు ఇస్తోంది. పాతింటి ఊసే లేదు. తిట్టాలని నోరు తెరిచినవాణ్ణి నవ్వేశాను.

చెరువు లెక్కకు నీళ్లూ చేపలూ చాలు. ఇంటి తొట్టి లెక్కలో మనుషులను కూడా వేయాలి. ఆ తర్వాత ఎవరు పిలిచినా, టేపు తీసే ముందు ఆ ఇంట్లో పెద్దావిడ ఎవరని అడిగేవాణ్ణి.