ఆ గిన్నె నేనెందుకు ముట్టలేదంటే

రెండో జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులు. పంజగుట్టలో ఒక బంగళాలో ఇస్త్రీ పని చేసేదాన్ని. ఒక రోజు తెల్ల దుప్పటి మీద ఇస్త్రీపెట్టె లాగుతుంటే దగ్గొచ్చింది. బొగ్గుల పొగ వల్లేమో అనుకున్నాను. కొంగు అడ్డం పెట్టుకునేలోపే దుప్పటి మీద ఎర్ర చుక్క పడింది. పన్ను కదిలిందేమోనని నాలుకతో తడిమి చూసుకున్నాను. పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి. దుప్పటి ఉతికి ఆరేసి, అమీర్‌పేటకు నడిచి వచ్చాను. దారిలో కూర్చోవాల్సి వచ్చింది. ఆ దారిలో అంతకుముందు నేనెప్పుడూ కూర్చున్నదాన్ని కాదు.

నా పేరు శాంతమ్మ. అక్షరాలు కూడబలుక్కుంటాను గానీ రాయడం రాదు. నేను చెబుతుంటే నా కూతురు సువార్త రాస్తోంది. బాగుండాలని నా మాట మార్చొద్దని చెప్పాను.

నా భర్త అంతకుముందే జ్వరంతో పోయాడు. నాకూ బిడ్డకూ ఒక గది. పక్క గది నర్సవ్వది. వాళ్ళది మగ్గాల ఊరు, ఇక్కడికొచ్చి కుట్టుమిషను పెట్టుకుంది. ఆమె పోచమ్మకు మొక్కుతుంది, నేను యేసయ్యకు. మా ఇద్దరికీ మధ్య గోడ ఒకటే.

"ఏందే శాంతక్కా, దసరా సంది గీ దగ్గు ఇంటున్న. ఇని ఇని నా గోడ సుత దగ్గుతున్నది. దవాఖానకు నడుస్తవా, గుంజుకపోవాల్నా?" అంది.

చివరికి గుంజుకునే పోయింది.

అక్కడ డబ్బీలో తెమడ పట్టివ్వమన్నారు. వాళ్ళు దాన్ని స్ప్యూటమ్ అంటారు. ఛాతీకి ఎక్స్‌రే తీశారు. డాక్టర్ సాబ్ పెద్దమనిషి, ఉర్దూ కలిపి తెలుగు మాట్లాడేవాడు. ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు.

"స్ప్యూటమ్ పాజిటివ్. రైట్ లంగ్‌ల క్యావిటీ ఉన్నది. అంటే రంధ్రం అమ్మా. టీబీ."

"బతుకుతనా సాబ్?"

"కొట్లాడితే బతుకుతవ్. ఫికర్ చేసుకుంట కూసుంటే పోతవ్. నీ గ్లాసు, నీ పళ్ళెం, నీ పక్క వేరు. నీ నోరు తగిలింది ఇంకొకరి నోటికి తగలొద్దు. సమజైందా?"

ముందు నా బిడ్డ పళ్ళెం గుర్తొచ్చింది. గుమ్మం దాటాక గుడిలో వెండి గిన్నె గుర్తొచ్చింది.

మా గుడిలో నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది. వరసగా మోకరిస్తాం. పాదిరి అయ్యగారు రొట్టె ముక్క ఇచ్చి, తర్వాత ద్రాక్షరసం గిన్నె ఇస్తారు. గిన్నె ఒకటే. అందరి పెదవులూ దానికే. బల్లకు లేవకుండా బెంచీ మీద కూర్చున్న మనిషిని చూస్తే మావాళ్ళు ఒకటే అనుకుంటారు: ఒప్పుకోని పాపం ఏదో ఉందని.

ఆ నెల నేను లేవలేదు. మరుసటి నెలా లేవలేదు. కారణం ఎవరికీ చెప్పలేదు. టీబీ అంటే బంగళాలో పని పోతుంది, ఇంటాయన గది ఖాళీ చేయమంటాడు. నర్సవ్వకు తప్ప ఎవరికీ తెలియదు. నేను నోరు మూసుకుంటే లోకం నోరు తెరిచింది. మొగుడు పోయాక ఎవణ్ణో చేరదీసింది, అందుకే దేవుడి బల్లకు మొహం చెల్లడం లేదు అన్నారు.

దవాఖానలో ఏ.పీ. అనే వైద్యం మొదలుపెట్టారు. పక్కటెముకల సందున లావు సూది దించి గాలి నింపుతారు. ఆ గాలికి జబ్బు లంగ్ ముడుచుకుంటుంది. "విరిగిన కాలుకు బద్దలు కట్టి కదలకుంట పెడ్తరు గదా, గిదీ గంతే" అన్నాడు డాక్టర్ సాబ్. లోపలి గాలి ఇంకిపోతుంది కాబట్టి వారం వారం రీఫిల్ చేయించుకోవాలి. మొదటిసారి సూది దిగినప్పుడు నేను ప్రార్థన చేయలేదు, పళ్ళు కొరుక్కున్నాను. రెండోసారి రెండూ చేశాను.

జ్వరం ఎక్కువయ్యాక పనికి పోలేకపోయాను. మంచం పట్టాను. సువార్త బళ్ళో చదువుతోంది. దాన్ని గడప లోపలికి రానివ్వలేదు, తిండీ పడకా నర్సవ్వ గదిలోనే. గడప మీద కూర్చుని బైబిలు గట్టిగా చదివేది. ఒకరోజు దావీదు రాజు కథ వచ్చింది. ఎన్నోసార్లు విన్నదే గానీ, ఆ రోజు లేచి కూర్చుని మళ్ళీ చదవమన్నాను.

ఆ వారంలోనే మార్తమ్మత్త వచ్చింది. మా సంఘంలో పెద్ద నోరు ఆమెది. గుమ్మం అవతలే నిలబడింది.

"శాంతా, పాపమున్నోళ్ళే గిన్నెకు దూరముంటరు. ఒప్పుకుంటే నీ రోగం సుత పోతది. గా దవాఖాన సూదులెందుకు?"

నేను నోరు తెరిచేలోపే నర్సవ్వ మిషను ఆపింది. "ఓ మార్తవ్వా, ఆమెకు ఊపిరాడుతలేదు. నువ్వేమో ఆమె మంచం కింద మొగోణ్ణి దేవులాడుతున్నవ్. దొరికితే చెప్పు, నా మిషను తొక్కడానికి మనిషి కావాలె."

నవ్వితే దగ్గు, దగ్గితే నొప్పి. అయినా నవ్వాను.

ఇంతలో ఇంకో దెబ్బ తగిలింది. సూది పెట్టిన పక్కనే ఛాతీ బరువెక్కింది, జ్వరం మండింది. డాక్టర్ సాబ్ ఎక్స్‌రే స్క్రీన్ వెనక నిలబెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఫ్లూయిడ్ చేరింది, అంటే నీళ్ళు. తీసేస్తం. తగ్గినంక మళ్ళ గాలి నింపుతం." అప్పటిదాకా పడ్డ బాధంతా నీళ్ళ పాలైందనిపించింది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. దేవుడితో మంచి మాటలు మాట్లాడలేదు. "నీ బల్ల దగ్గరే నా పేరు పాడైంది. అది బాగుచెయ్యకుండా నన్ను పిలిస్తే నేను రాను. నువ్వే వచ్చి ఈడ్చుకుపో" అన్నాను. ఆయనకు కోపం వచ్చినట్టు లేదు. నీళ్ళు తీశాక నెమ్మదిగా జ్వరం దిగింది.

నడవగలిగిన మొదటి బల్ల ఆదివారం గుడికి పోయాను. నోటికి గుడ్డ కట్టుకుని వెనకాల తలుపు దగ్గర కూర్చున్నాను. అయ్యగారు గిన్నె ఎత్తగానే లేచి నిలబడ్డాను.

"అందరు ఇనుండ్రి. నాకు టీబీ ఉన్నది. గందుకే గిన్నె ముడుతలేను. దావీదు రాజుకు దాహమైతే తన ఊరి బాయి నీళ్ళు కావాలన్నడు. ముగ్గురు మనుషులు ప్రాణాలకు తెగించి, శత్రువుల నడుమకెళ్ళి పోయి తెచ్చిండ్రు. ఆయన తాగలే. ఇవి నీళ్ళు కావు, వీళ్ళ ప్రాణాలని దేవుని ముంగట పారబోసిండు. నాకు సుత దాహమే ఉన్నది. కని నేను తాగిన గిన్నె మీరు తాగితే గది మీ ప్రాణం మీదికొస్తది. నేను తాగ. దీన్ని పాపమనేటోళ్ళు ముందుగాల దావీదును అనుండ్రి."

నా ముందు బెంచీవాళ్ళు లేచి కిటికీవైపు జరిగారు. అయ్యగారు గిన్నె బల్ల మీద పెట్టి, నా దాకా నడిచి వచ్చి ప్రార్థన చేశారు.

కబురు పంజగుట్ట దాకా పోయింది. మళ్ళీ పనిలోకి రావద్దని బంగళా నుంచి చెప్పి పంపారు. ఇంటాయన గది ఖాళీ చేయమన్నాడు. నర్సవ్వ నడుముకు కొంగు చుట్టి ఎదురెళ్ళింది. "ఆమె పోతే నేను సుత పోత. టీబీ ఉన్న గదని బజారంత చెప్పే పోత. ఎవరు దిగుతరో చూస్త." ఇంటాయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

రీఫిల్‌లు సాగాయి. స్ప్యూటమ్ నెగటివ్ వచ్చింది. మళ్ళీ చూశారు, మళ్ళీ నెగటివ్. "ఇగ నలుగురితోని తాగొచ్చు. కని మంచిగైందని రీఫిల్ బంద్ చేసినవో, నా దగ్గరికి రాకు" అన్నాడు డాక్టర్ సాబ్.

ఆ నెల బల్లకు లేచాను. అందరూ అయ్యాక ఆఖరున మోకరించాను. నా తర్వాత గిన్నె ఎవరూ తాగక్కర్లేకుండా ఉండాలని. తల వంచుకుని ఉండగా పక్కన ఆయాసం వినిపించింది. మార్తమ్మత్త. గిన్నె నా దగ్గరికొచ్చింది, తాగాను. అయ్యగారు అంచు తుడవడానికి గుడ్డ తీస్తుంటే, ఆమె ఆగలేదు. చెయ్యి చాపి గిన్నె పట్టుకుని తాగింది.

బయటికొచ్చాక, "గట్ల చూడకు. మోకాళ్ళ నొప్పులని ఆఖరుకు వచ్చిన" అంది.

"నేనేమన్న అంటినా అత్తమ్మా?"

"అనకు."

ఇప్పుడు నర్సవ్వ కుట్టిన చొక్కాలకు కాజాలు కుట్టి గుండీలు వేస్తున్నాను. రీఫిల్ ఇంకా ఉంది, వారం తప్పను. పంజగుట్ట ఎత్తు ఎక్కితే ఆయాసం వస్తుంది. నిలబడతాను, మళ్ళీ ఎక్కుతాను.

ఇది చదివే రోగులకు నేను చెప్పేది ఒకటే. డాక్టరు మీ రోగం పేరు చెప్పిన రోజే, దాన్ని మీ నోటితో మీవాళ్ళకు చెప్పండి. మీ గ్లాసు ఎందుకు వేరుగా పెట్టుకున్నారో కూడా చెప్పండి. కొందరు బెంచీ మారతారు, మారనివ్వండి. మీరు చెప్పకపోతే మీ రోగానికి ఊరే పేరు పెడుతుంది, ఆ పేరుకు ఏ దవాఖానలోనూ సూది లేదు.