తేర్చి తాగిన మందు

1957 సెప్టెంబరులో మా అన్నగారు, వదినగారు ఏలూరు వచ్చి మా ఇంట రెండు రాత్రులు ఉన్నారు. మొదటి రాత్రి అన్నగారు ఐదుసార్లు, రెండవ రాత్రి ఆరుసార్లు లేచారు. ఈ లెక్క నా డైరీలో ఉంది. కారణం మాత్రం నేను అడగలేదు; వయసులో నాకంటె పన్నెండేళ్ళు పెద్దవారిని తమ్ముడు అడగదగిన విషయం కాదది. మూడవనాటి ఉదయం కాఫీ తాగుతూ ఆయనే చెప్పారు.

"రెండేళ్ళయిందిరా తమ్ముడూ. పడుకుంటాను, లేస్తాను. తీరా వెళ్తే చుక్కలు చుక్కలుగా వస్తుంది. మళ్ళీ పడుకుంటానా, మళ్ళీ లేపుతుంది."

"ఆయన లేస్తే తలుపు కిర్రుమంటుందండీ మరిదిగారూ. తలుపు కిర్రుమంటే గేదె లేస్తుంది, గేదె లేస్తే నేను లేస్తాను. మా ఇంట్లో నిద్రపోయేది మంచాలే" అన్నారు వదినగారు.

అన్నగారికి అప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. కొల్లేటి ఒడ్డున ఏడెకరాల వరిచేను. నేను ఏలూరులో మురుగుకాలువల ఆఫీసులో గుమాస్తాను. అదే రోజు ఆయనను మాకు తెలిసిన డాక్టరుగారి వద్దకు తీసుకువెళ్ళాను. మూత్రం పరీక్ష చేసి మధుమేహం లేదని ముందుగా తేల్చారు. తరువాత లోపలి గదిలో అన్నగారిని పరీక్షించి, చేతులు కడుక్కుని వచ్చి చెప్పారు: మూత్రాశయం మూతి దగ్గర ఒక గ్రంథి ఉంటుంది, వయసు మళ్ళిన మగవారిలో అది ఉబ్బి దారిని ఇరుకు చేస్తుంది, సంచి ఎన్నడూ పూర్తిగా ఖాళీ కాదు, అందువల్ల కొంచెం చేరగానే మళ్ళీ లేపుతుంది.

"మందుందాండీ?" అని అడిగారు అన్నగారు.

"గ్రంథిని కరిగించే మందు లేదు. సంచి బిగువు సడలించేది ఒకటుంది, బెల్లడోనా అని ఆకు మందు. మూడు వారాలు వాడి చూద్దాం. తగ్గితే సరి. తగ్గకపోతే ఆపరేషను చేయాలి."

"ఆ మాట మాత్రం అనకండి. తాడేపల్లిగూడెంలో మా పెదనాన్నగారబ్బాయి దీనికే కోతకి వెళ్ళాడండి. నడిచి వెళ్ళినవాణ్ణి బండి మీద తెచ్చారు."

డాక్టరుగారు మందు చీటీ రాశారు. అన్నగారికి మాత్రం ఆ క్షణం నుంచి విషయం రాత్రి నిద్రకు సంబంధించినది కాదు. మూడు వారాలలో మందు పని చేయాలి, లేదా తాను కత్తి కిందికి వెళ్ళాలి. లెక్క అంతవరకే.

కొల్లేరు పొంగితే రాకపోకలు ఆగిపోతాయని కాంపౌండరు వారానికొకటి చొప్పున మూడు సీసాలూ ఒకేసారి కలిపి ఇచ్చాడు. పక్కన మోతాదుకొక గాటు చొప్పున కత్తిరించిన కాగితం అంటించి, "బాగా కుదిపి తాగండి" అని చెప్పాడు. ఆ మాట మేము ముగ్గురమూ విన్నాము.

ఊరికి వెళ్ళిన తరువాత అన్నగారు రాత్రి లేచినప్పుడల్లా ఒక చింతగింజను గ్లాసులో వేసేవారు. వారానికొకసారి ఏలూరు సంతకు వచ్చే ఊరివారితో ఆ సంఖ్య నాకు చెప్పి పంపేవారు. మొదటి వారం ముప్పై ఏడు. రెండవ వారం ముప్పై ఆరు. మూడవ వారం మళ్ళీ ముప్పై ఏడు. మందు పని చేయలేదని నేను డైరీలో రాసుకున్నాను.

గడువు ముగిసిన మరునాటి ఉదయం అన్నగారిని పడవలో పడుకోబెట్టి, తరువాత ఎద్దుబండి మీద ఏలూరు తెచ్చారు. ముఖం జేవురించి ఉంది. నాలుక ఎండి మాట ముద్దగా వస్తున్నది. కళ్ళు మసకగా ఉన్నాయంటున్నారు, నన్ను చూసి చనిపోయిన మా నాన్నగారి పేరు పెట్టి పిలిచారు. పొత్తికడుపు బిగిసి పైకి లేచింది. ముందటి సాయంత్రం నుంచి ఒక్క చుక్క రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు రబ్బరు గొట్టం వేసి మూత్రం తీశారు. రెండు సీసాలు నిండి మూడవది సగమయింది. సాయంత్రానికి అన్నగారికి తెలివి కుదుటపడింది. మరునాడు ఉదయం డాక్టరుగారు మంచం పక్కన నిలబడి, మందు ఎలా తాగారని అడిగారు. అన్నగారు ఏ సంకోచమూ లేకుండా చెప్పారు.

"సీసా అడుగున మడ్డి కనిపించిందండి. కదపకుండా గూట్లో పెట్టి, పైన తేట మాత్రం గాటు ప్రకారం వంచుకు తాగాను."

"కుదిపి తాగమన్నారు కదా?"

"ఏదో మాటవరసకి అన్నాడనుకున్నానండి. మా ఊళ్ళో కడవ కుదిపితే ఆడవాళ్ళు ఊరుకోరు."

మా వైపు వానాకాలంలో కాలువ నీరు, కొల్లేటి నీరు బురదగా వస్తుంది. చిల్లగింజ అరగదీసి కడవలో కలిపి, రాత్రంతా కదలకుండా ఉంచి, ఉదయం పైతేట ముంచుకుంటారు. అడుగు మిగిలినది పారబోస్తారు. పుట్టినది మొదలు అలా తాగినవారికి మడ్డిని పైకి లేపి తాగడమంటే తెలివితక్కువ పని.

"మరి మొన్న ఏం జరిగింది?"

"మూడు వారాలూ తేట తాగాను, గుణం లేదు. మర్నాడు మీ దగ్గరికి రావాలి, మీరు కోతంటారు. అప్పుడు ఆలోచన వచ్చిందండి. చేనుకి బలం నీళ్ళలో ఉండదు, వరద తెచ్చే వండ్రులో ఉంటుంది. మందూ అంతేనేమో అని మూడు సీసాల మడ్డీ మజ్జిగలో కలిపి తాగేశాను."

డాక్టరుగారు ఆకు పొడి అంతా ఆ మడ్డిలోనే ఉన్నదని, మూడు వారాల మందులో చాలా భాగం ఒక్క పూట లోపలికి పోయిందని చెప్పారు. బతికి ఉండడం అదృష్టమన్నారు.

అన్నగారు వెంటనే మోచేతి మీద లేచారు. "అయితే డాక్టరుగారూ, మందు పని చెయ్యలేదని ఎలా అంటారండి? నేను తాగిందేది? ఇంకో మూడు వారాలు ఇప్పించండి, కుదిపి తాగుతాను."

వాదన తప్పని నేను అనలేను. డాక్టరుగారు కూడా అనలేదు. ఆ మందు సంచిని సడలిస్తుందని, దారి ఇంత మూసుకున్నవారికి సడలిన సంచి మూత్రాన్ని తోయలేదని, ఇకమీదట తక్కువ మోతాదు కూడా ఇవ్వలేనని చెప్పారు. తరువాతి రోజులలో గొట్టం రెండుసార్లు తీసి చూశారు. రెండుసార్లూ తిరిగి వేయవలసి వచ్చింది.

"వేరే మాత్రలు లేవాండీ?" అని అడిగారు అన్నగారు.

"ఒకటుంది. ఆడవారి ఒంట్లో ఊరే రసం వంటిది. కొందరికి గ్రంథి తగ్గుతుందంటారు, నాకు నమ్మకం లేదు. పైగా రొమ్ములు వస్తాయి."

వార్డులో పక్క మంచం వారు తల తిప్పారు. అన్నగారు వదినగారి వైపు చూశారు.

"వస్తే రానీండి. రవికలు నేను కుట్టిస్తాను. మీరు బతికుంటే చాలు" అన్నారు వదినగారు.

"నోరుముయ్యవే!"

"మూస్తాను. కోతకి ఒప్పుకుంటే మూస్తాను."

ఆయన ఆ రోజు ఒప్పుకోలేదు. మరునాడు కూడా ఒప్పుకోలేదు. మూడవనాడు గోడవైపు తిరిగి పడుకుని, "తమ్ముడూ, ఏడెకరాల కోతలు ఎవరు చూస్తార్రా?" అని అడిగారు. నేను సెలవు పెట్టి చూస్తానన్నాను. "నువ్వా? గట్టు మీద గొడుగేసుకుని కంకులు లెక్కపెడతావు" అని, కాగితం తెమ్మని సంతకం చేశారు.

ఆపరేషను నవంబరు మొదటి వారంలో జరిగింది. గంటన్నర పట్టింది. కొద్ది రోజులు గొట్టంలో ఎరుపు వచ్చింది, తరువాత తగ్గింది. మధ్యలో రెండు రోజులు జ్వరం. ఇక గొట్టం తీసేరోజు మిగిలింది. గొట్టం తీసిన తరువాత మూత్రం దానంతట అది వస్తే ఇంటికి, రాకపోతే మళ్ళీ మొదటికి. ఉదయం ఎనిమిదికి తీశారు. తొమ్మిదయింది. పది కావచ్చింది. వదినగారు వరండాలో నేల మీద కూర్చున్నారు. నర్సు తెర అడ్డం పెట్టి సీసా ఇచ్చి వెళ్ళింది. వార్డులో ఎవరూ మాట్లాడటం లేదు. ముందు ఏమీ వినపడలేదు, తరువాత ధార చప్పుడు వినిపించింది, అది ఆగకుండా కొంతసేపు సాగింది.

తెర వెనకనుంచి అన్నగారు గట్టిగా అన్నారు: "ఏమేవ్, వింటున్నావా?"

"వార్డంతా వింటోందండీ, ఇక చాలించండి" అన్నారు వదినగారు. అని, లేవకుండా అక్కడే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.