ఉప్పు కట్టిన అడ్డాకు

మొన్న మా కోడలు నన్ను అరకులో కొత్తగా పెట్టిన కొట్టుకు తీసుకెళ్లింది. అక్కడ కవర్లివ్వరు, సంచులూ డబ్బాలూ మనమే పట్టుకెళ్లి, కావలసినంతే కొలిపించుకోవాలి. సామలకూ చోళ్లకూ సంచులు తెచ్చిన కోడలు ఉప్పు డబ్బా మరిచిపోయింది. కొట్లో కొలిచే ఆడగుంట నవ్వి, "పర్లేదు తాతా, ఆకులో కట్టేత్తాను" అని, అడ్డాకులో ఉప్పు పోసి మడిచి, వెదురు పుల్ల గుచ్చి నా చేతికిచ్చింది. ఆ పొట్లం పట్టుకుని నేను మెట్టు మీదే కూర్చుండిపోయాను. నీరసమనుకుని కోడలు మంచినీళ్లు తెచ్చింది.

రైల్వేలో చేరిన నాటినుంచి ఏనాటి సంగతులు ఆనాడే డైరీలో రాసుకోవడం నా అలవాటు. ఆ పొట్లం గుర్తుచేసిన ఈ ఒక్క సంగతి మాత్రం రాయలేదు. రాయకపోయినా మరిచిపోయేది కాదు.

మా ఊరు బొర్రా గుహలకు పైన కొండవాలులో ఉంది. నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, సంతనుంచి నూనె ఆనపబుర్రలో వచ్చేది, ఉప్పు ఆకులో వచ్చేది, ఇంటికి వచ్చినదేదీ పారేయడమన్నది లేకుండా తొక్కలు మేకకూ, పుల్లలు పొయ్యికీ, పొయ్యిలో బూడిద ఆనపపాదుకూ పోయేవి. ఉప్పు కట్టిన ఆకు మాత్రం ఎద్దుది. అమ్మ ఉప్పును కుండలోకి వంపి, పలుకులంటిన ఆకును మా నల్లెద్దు నోటికందించేది. సంతనాటి సాయంత్రం ఆమె అడుగుల చప్పుడుకే అది తలెత్తి నిలబడేది.

"దున్నినోడి మాటినదు గానీ, నీ ఉప్పుకి నాలిక సాపుతాది" అని అయ్య ఉడుక్కునేవాడు.

"కర్రట్టుకొచ్చినోడికి ఎవులు సాపుతారు?" అనేది అమ్మ.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, మైదానంనుంచి వచ్చే ఉప్పు షావుకారు సంతకు ప్లాస్టిక్ కవర్లు తెచ్చాడు. "ఆకైతే వానకి కారిపోద్ది అప్పా, దీన్లో సుక్క దిగదు" అన్నాడట. అమ్మ మురిసిపోయింది. ఇంటికొచ్చి ఉప్పు వంపుకుని, మెత్తబడుతుందని ఆ కవరును కుడితిలో ముంచి, అలవాటు ప్రకారం ఎద్దుకు పెట్టింది. అది మేత కాదని ఆమెకెవరు చెప్పాలి? సంతనుంచి వచ్చింది, ఉప్పు మోసింది, ఆకులాగే మడత పడింది. ఎద్దూ కాదనలేదు. సంత సంతకూ అలాగే పెడుతూ వచ్చింది.

మాకున్నది ఒకే ఎద్దుల జత. తొలకరి పడి దుక్కి మొదలుపెట్టే వేళకు నల్లెద్దు నెమరు మానేసింది, ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. కబురంది నేను సెలవు పెట్టి వచ్చేసరికి ఊరి వైద్యుడు మంత్రించి వెళ్లిపోయాడు. ఏదీ ముట్టని ఎద్దు ఇష్టమైనదైనా తింటుందని అమ్మ దాచిన ఒక కవరుకు ఉప్పురాసి నోటికందించింది. అది చాలాసేపు ఉప్పు నాకి, అమ్మకోసమన్నట్టు కవరునూ మింగింది. తెల్లవారేసరికి చచ్చిపోయింది.

ఆలస్యంగా వచ్చిన పశువుల కాంపౌండరు కడుపు కోసి చూశాడు. "ఓలప్పో, గడ్డికి సోటేదీ? అన్నీ కవర్లే. ఎవులెట్టారిలాగ?"

అమ్మ నోట కుక్కుకున్న పైటచెంగు తీసి, "నానే బాబూ" అంది.

ఆ ఏడు రెండో ఎద్దు పక్కన అయ్య తన భుజమే కాడికి పెట్టాడు. సగం చేను బీడు పడింది. పంట చాలక మామిడి టెంకల అంబలి తాగాం. అమ్మ అది కూడా ఉప్పు లేకుండా తాగేది. మళ్లీ జత కట్టాకా, చోళ్లు పండాకా కూడా అంతే. "సప్పిడి తాగి సచ్చిపోతావే" అని అయ్య కసిరితే ముంత దించేసేది. పోయేదాకా ఆమె నాలుకకు ఉప్పు తగల్లేదు.

కొట్టునుంచి ఇంటికొచ్చి ఉప్పు జాడీలో పోశాక, ఆకు పట్టుకుని తెలియకుండానే పెరట్లోకి నడిచాను. పశువుల శాల ఉన్నచోట ఇప్పుడు మనవడి మోటారు సైకిలుంది. గేటు బయట, గుహలు చూడ్డానికొచ్చినవాళ్లు పారేసిన బిర్యానీ కవర్లలో ఒక ఆవు మూతి పెట్టి ఉంది. ఆకు దాని ముందు పెట్టాను. ఉప్పు నాకి, ఆకు వదిలేసి, మళ్లీ కవరే అందుకుంది. లాగబోతే దవడ బిగించింది.

ఆ కొట్టు మంచిదే. ఇకమీదట డబ్బా మరవకుండా వెళ్తాను. కానీ తెలియక పెట్టినదానికి మా అమ్మ బతుకంతా చప్పిడి తాగింది. అన్నీ తెలిసిన ఈ వీధిలో, నా కంచంతో సహా, ఏ కంచంలోనూ ఉప్పు తగ్గలేదు.