రుమాలు వేసిన పాఠం

ఇంట్లోకి కంప్యూటరు వచ్చిన కొత్తలో మా కోడలు నన్ను నెట్‌లో ఒక బృందంలో చేర్చింది. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి, రికార్డు చేసి పంపేవాళ్ల బృందం. నా చదువు ఐదో తరగతితో ఆగింది గానీ, వారపత్రికలో సీరియల్ మా వీధి ఆడవాళ్లందరికీ చదివి వినిపించిన గొంతు నాది.

అక్కడొక పద్ధతి ఉండేది. జాబితాలో మనకు నచ్చిన పాఠం పక్కన పేరు రాసుకుంటే, ఇక దాన్ని మరొకరు ముట్టుకోరు. బస్సు కిటికీలోంచి సీట్లో రుమాలు వేసినట్టే. పదో తరగతి సాంఘికంలో నదుల పాఠం పక్కన నా పేరు రాయించాను.

సాయంత్రం నాలుగింటికి అందరూ మైకులు పెట్టుకుని కాసేపు మాట్లాడుకునేవాళ్లు. నేను చేరాక ఆ కాసేపు ఆరింటిదాకా సాగింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోవాడితో ఎలా పోట్లాడానో చెబుతుంటే పడీపడీ నవ్వేవాళ్లు. "పిన్నిగారు రాకపోతే తోచదండీ" అనేవాళ్లు. ఆ మాట కోసం మధ్యాహ్నం నుంచే గడియారం చూసేదాన్ని.

పని పంచే ఇబ్రహీంపట్నం టీచరమ్మ ఒకరోజు మెల్లగా అడిగింది. "పిన్నిగారూ, నదులు ఎందాకా వచ్చాయండీ?"

"గొంతు పట్టేసిందమ్మా, రెండ్రోజులాగు."

"మరి ఇందాక ఆటోవాణ్ణి తిట్టింది ఏ గొంతండీ?" అన్నారెవరో. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. రెండ్రోజులు కాస్తా నెలన్నర అయింది.

సాంఘికం పరీక్ష ముందురోజు మైకులో ఒక కొత్త గొంతు వినిపించింది. మంగళగిరి హాస్టల్లో ఉండి పదో తరగతి చదివే పిల్ల. రోజూ వింటుందట, ఎప్పుడూ మాట్లాడలేదు.

"మామ్మగారూ, మీ కబుర్లన్నీ విన్నానండీ, భలే ఉంటాయి. నదుల పాఠం ఎక్కడ పెట్టారండీ? నాకే వెతకడం చేతకాలేదేమో."

దెప్పిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

"ఇప్పుడే చదివి పంపుతానమ్మా."

"ఆరింటికి మా కంప్యూటరు గదికి తాళం వేసేస్తారండీ."

అప్పటికే ఐదూ ముప్పావు. కోడలు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. నాలుగు తిట్టి వెళ్లినా బాగుండేది.

గోదావరి నుంచి మొదలుపెట్టి ఆపకుండా చదివాను. అయ్యాక తలెత్తి చూస్తే ఆరున్నర. నలభై అయిదు నిమిషాలు పట్టింది, అంతే.

మర్నాడు నాలుగయింది. పరీక్ష ఎలా రాశావమ్మా అని అడగడానికైనా మైకు ముందుకు వెళ్లలేకపోయాను.