నూట పదహారో మనిషి

ఆ రోజుల్లో పట్నం చూడటమంటే ఇప్పట్లా బట్టలు సర్దుకుని వెళ్లి, తోచినన్నాళ్లు ఉండి రావడం కాదు. మా కొత్తగూడెం క్వార్టర్ల వాళ్లకు అదీ ఒక షిఫ్టే. రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి పట్నంలో దిగి, చూడవలసినవన్నీ చూసేసి, మళ్లీ రాత్రి బస్సెక్కి, మర్నాడు డ్యూటీకి పోవాలి. ఎంతసేపు చూశామన్నది కాదు, ఎన్ని చూశామన్నదే లెక్క. మా క్వార్టర్ల వరసలో ఒకావిడ చార్మినార్‌ను కదిలే బస్సులోంచి, అదీ పక్కావిడ భుజం మీదుగా చూసి, పదేళ్లపాటు ఆ సంగతే చెప్పుకుంది. (నేను నవ్వకూడదు. నేను చూసి వచ్చింది అంతకన్నా తక్కువ.)

డెబ్బైల్లో ఒక దసరా సెలవులకు మా వరసల వాళ్లంతా కలిసి బస్సు మాట్లాడుకున్నారు. పెత్తనమంతా విజిల్ మామది. గనిలో బొగ్గు టబ్బులు లాగే ఇంజను దగ్గర పనిచేసేవాడు. డ్యూటీలో ఉన్నా లేకున్నా మెడలో విజిల్ వేలాడాల్సిందే, కూరగాయలకు వెళ్లినా సరే. ఎన్ని గంటలకు ఎక్కడుండాలో నిమిషాలతో సహా రాసి, కార్బన్ పేపరు పెట్టి కాపీలు తీసి ఇంటింటికీ పంచాడు. ఆ కాగితంలో నాకు కావలసింది ఒక్కటే: పన్నెండింటికి మ్యూజియం గడియారం. గంటగంటకూ ఒక బుల్లి మనిషి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడట. నేను ఏడో తరగతి. నా పక్క బెంచీ పిల్ల అప్పటికే వెళ్లి మూడు దెబ్బలు విని వచ్చి, క్లాసంతా ఏలుతోంది. "నేను పన్నెండు ఇని వస్త, సూడు" అని అందరి ముందూ శపథం చేసి మరీ బయల్దేరాను. పన్నెండు దాటితే నా పరువు గంగలో కలిసినట్టే.

నాకు అడ్డం వచ్చింది మా నాయన. ఆయన గని దగ్గర దీపాల గదిలో పనిచేసేవాడు. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ల మా నాయనకిచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుపోవాలి. పైకొచ్చాక దీపం తిరిగిచ్చి, బిళ్ల తీసుకోవాలి. గోడ మేకుకు బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. దీపం చేతికందిన ప్రతిసారీ "వచ్చిండు" అని పైకే అని, పుస్తకంలో గీత కొట్టేవాడు. ఆఖరి దీపం వచ్చేదాకా ఇల్లు లేదు, అన్నం లేదు. ఒకసారి ఒకాయన దీపం తలమీదే మరిచిపోయి, తిన్నగా కల్లు దుకాణానికి పోయాడు. మా నాయన లోపలికి మనుషుల్ని దింపి సందుసందూ వెతికించాడు. ఆయన చీకటి పడ్డాక, దీపం వెలిగించుకుని పాడుకుంటూ ఇంటికి పోతుంటే దొరికాడు. ఈ అలవాటు మా నాయనను గని దాటినా వదల్లేదు. పెళ్లికి వెళ్తే విస్తళ్లు లెక్కపెట్టేవాడు, రైలు గేటు దగ్గర గూడ్సు బండి పెట్టెలు లెక్కపెట్టేవాడు. అమ్మ తల కొట్టుకునేది.

పొద్దున కోట ఎక్కి దిగాం. పదీ నలభై ఐదుకు సైనికుల స్మారకం, పది నిమిషాలు. అదెక్కడుందో చెప్పను, అక్కడి తోటమాలి వంశస్థులు ఇప్పటికీ ఉండి ఉండవచ్చు. నిజానికి దాన్ని కాగితంలో చేర్చింది భక్తితో కాదు. టికెట్టు లేదు, నీళ్ల పంపు ఉంది, చెట్ల కింద పులిహోర పొట్లాలు విప్పుకోవచ్చు. నల్లరాతి గోడ, దాని నిండా యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు. పైన పెద్ద అక్షరాలతో, నూట పదహారు మంది వీరులని చెక్కి ఉంది. "కట్నం సదివించినట్టు నూట పదహార్లేంది?" అని అమ్మ అంది గానీ, ఆ పేర్ల ముందు నిలబడి చెంగుతో కళ్లు ఒత్తుకుంది కూడా. విజిల్ మామ విజిల్ ఊదాడు. అందరం బస్సు వైపు కదిలాం. మా నాయన కదల్లేదు. పెదాలు ఆడుతున్నాయి, బొటనవేలు కణుపుల మీద తిరుగుతోంది.

"ఒకటి తక్కువొస్తుంది" అన్నాడు.

"ఏంది తక్కువ?" అన్నాడు విజిల్ మామ.

"మనిషి. పైన నూట పదహారు. ఈడ నూట పదిహేను."

"రాయి చెక్కెటోడు మరిచిపోయిండేమో. జల్దీ నడువన్నా, టైమైతుంది."

"మరిచిపోతే అడగొద్దా?"

స్మారకం కాపలాదారును పిలిచారు. పటాలంలో పనిచేసి వచ్చిన మీసాల ముసలాయన. "ఇందులో తక్కువేముంటది సాబ్? అందరూ పోయినోళ్లే. ఎవలూ ఎక్కడికీ పోరు" అన్నాడు.

"పోకపోతే ఈడనే ఉండాలె గద?" అన్నాడు మా నాయన.

ఇంతలో బస్సులో సంగతి పాకింది: మనిషి తక్కువొచ్చిండట. ఇంకో ఊరివాళ్లయితే నవ్వి సీట్లలో కూర్చునేవాళ్లు. మావాళ్లకు ఆ మాట వింటే కాళ్లు వాటంతటవే గని గేటు వైపు నడుస్తాయి. నలభై మందీ దిగొచ్చారు. పేర్ల వరసలు పంచుకున్నారు. ఎడమవైపు మొదటి షిఫ్టు వాళ్లు, కుడివైపు రెండో షిఫ్టు. ఒకాయనకు నూట పద్నాలుగు వచ్చింది, ఇంకొకాయనకు నూట పదిహేడు. (ఆయన ఒక పేరును రెండుసార్లు లెక్కపెట్టి, చివర చెక్కిన శిల్పి పేరునూ వీరుల్లో కలిపాడు.) నువ్వు తప్పంటే నువ్వు తప్పని గొడవ. విజిల్ మామ నిమిషానికోసారి విజిల్. ఆ విజిల్ విని దారినపోయే వాళ్లు ఇదేదో కార్యక్రమమనుకుని వెనక లైను కట్టారు. అందులో ఒకావిడ ప్రసాదం ఎప్పుడు పెడతారని అమ్మను అడిగితే, అమ్మ ఏం చెప్పాలో తెలియక పులిహోర పెట్టింది. దాంతో లైను ఇంకా పెరిగింది.

పదకొండున్నర. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇక ఉండబట్టలేక "దొరికింది నాయనా! ఎంకటయ్య!" అని అరిచాను. అందరూ హమ్మయ్య అన్నారు. "ఏ వరస బిడ్డా?" అంటూ మా నాయన వచ్చాడు. నేను మూడో వరస చూపించాను. ఆయన వేలు పెట్టి మెల్లగా, చివరిదాకా చదివాడు. వెంకటయ్య లేడు. నాకు వీపు విమానం మోత తప్పదనుకున్నాను. మా నాయన గొంతు పెంచనైనా లేదు. నా ముందు గొంతుకూర్చున్నాడు.

"రానోన్ని వచ్చిండని రాస్తే ఏమైతదో ఎరుకేనా బిడ్డా? ఇగ ఆన్ని ఎవలూ ఎతకరు."

అంతే అన్నాడు. నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ క్షణంలో గడియారం సంగతి నిజంగానే మరిచిపోయాను. పెద్దవాళ్లు చూడని చోటేదని వెతికితే, తోటమాలి గోడ మూలకు ఆనించి పెట్టిన పెద్ద క్రోటన్ కుండీ కనిపించింది. పొట్టిదాన్ని కాబట్టి గోడకూ దానికీ మధ్యనున్న సందులోకి దూరాను. సాలెగూళ్లు, ఎండుటాకులు. చేత్తో తుడిస్తే అక్షరాలు. "ఎల్లయ్య" అని చదివాను. నమ్మరేమోనని ఇంకోసారి, గట్టిగా చదివాను.

బయట మా నాయన గొంతు వినిపించింది. "వచ్చిండు."

నలభై మందీ ఒక్కసారి ఊపిరి వదిలారు. తొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్న కాపలాదారు వచ్చి కుండీ అంచు పట్టుకున్నాడు. తర్వాత తనూ మా నాయనా కలిసి కుండీని ఈడ్చుకెళ్లి, శిల్పి పేరుకు అడ్డంగా పెట్టారు.

మ్యూజియం చేరేసరికి పన్నెండూ ఇరవై. సాయంత్రం దాకా కూర్చునే తీరిక మాకెక్కడిది? ఒంటిగంట దాకా మాత్రం విజిల్ మామ జాలిపడి ఆపాడు. బుల్లి మనిషి తలుపు తీసుకుని వచ్చాడు, ఒక్క దెబ్బ కొట్టాడు, లోపలికి పోయాడు. అంతే. బడి తెరిచాక పక్క బెంచీ పిల్ల అందరి ముందూ అడిగింది. పన్నెండని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. రాలేదు. "ఒక్కటి" అన్నాను. ఏడాదంతా నన్ను ఒంటిగంట అనే పిలిచారు.

తర్వాత నేను ఆ పట్నంలోనే ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను. మా నాయన పోయిన ఏడాది, ఎందుకో ఒకరోజు ఆ స్మారకానికి వెళ్లాను. కాపలాదారు మారాడు, తోటమాలి మారాడు, కుండీ మాత్రం తిరిగి తన మూలకే వచ్చింది. మళ్లీ ఒకటి తక్కువని లెక్కపెట్టకుండానే తెలిసిపోయింది. చుట్టూ ఎవరూ లేరు. కొంగు బిగించి లాగాను. కుండీ కదిలింది, నా నడుమూ కదిలింది. వారం రోజులు మంచం దిగలేదు.

డాక్టరు బాబుది మా అబ్బాయి వయసు. "ఈ వయసులో అంత బరువు ఎందుకు లాగారమ్మా?" అని కోప్పడ్డాడు.

"వెనకాల ఒకాయన ఉండిపోయాడు బాబూ" అన్నాను.

ఆయన నా వంక కాసేపు చూసి, నడుము నొప్పి మాత్రలకు తోడు ఇంకో మాత్ర కూడా రాశాడు.