చోటు మారే మచ్చ

వీధిలో అందరికీ ఆవిడ మిషనక్క. ముప్పై ఏళ్లుగా ముందుగదిలో కుట్టుమిషను దగ్గరే ఆవిడ లోకం. దారం కొసను నాలుకతో తడిపి సూదిలోకి ఎక్కించడం ఊపిరి తీసినంత అలవాటు. ఒకరోజు అలా తడపబోతే నాలుక చురుక్కుమంది. అద్దంలో చూసుకుంటే అంచున ఎర్రటి మచ్చ, దాని చుట్టూ తెల్లటి గీత.

వారంలో అది మాయమైంది. హమ్మయ్య అనుకునేలోగా రెండో పక్క ఇంకొకటి తేలింది. ఆవిడ అన్నయ్య నోటి క్యాన్సర్‌తోనే పోయాడు. తనకూ అదే వచ్చిందని, ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందని భయపడింది. ఎవరికీ చెప్పలేదు. తన కంచం, గ్లాసు వేరుగా పెట్టుకుంది. నాలుగేళ్ల మనవరాలు ముద్దు పెట్టబోతే మొహం తిప్పేసుకుంది.

"నానమ్మకి నామీద కోపమా తాతా?" అని ఆ పిల్ల అడిగేసరికి, లారీ మెకానిక్కుగా పని చేసే తాతకు అనుమానం వచ్చింది.

"ఏంటే సంగతి? నాతో కాకపోతే ఎవరితో చెబుతావ్?"

ఆవిడ కొలతల పుస్తకం చివరి పేజీలు తెరిచింది. నాలుగు నెలలుగా మచ్చ వచ్చిన ప్రతిసారీ నాలుక బొమ్మ గీసి, మచ్చ ఎక్కడుందో గుర్తుపెట్టి, తేదీ వేసుకుంటూ వచ్చింది. ఆయన ఒక్కో పేజీ తిప్పి, ఒక్కో తేదీ చదివాడు.

"ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా పిచ్చిదానా," అన్నాడు చివరికి. మర్నాడే పని మానేసి పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ నాలుకంతా తడిమి చూసింది. మెడ కింద నొక్కి చూసింది. తర్వాత పుస్తకం తిరగేసింది.

"సగం పని మీరే చేసిపెట్టారమ్మా. ఏ మచ్చా ఒకచోట నిలవలేదు చూడండి. కొందరికి ఇలా వస్తుంటాయి, పోతుంటాయి. ఇది క్యాన్సర్ కాదు, అంటుకునేదీ కాదు. మండినప్పుడు కారం, పులుపు తగ్గించండి. ఏ మచ్చయినా రెండు వారాలు కదలకుండా ఉన్నా, గట్టిపడినా మాత్రం వెంటనే రండి."

"మరి... ముద్దు పెట్టుకోవచ్చా?"

మెకానిక్కు ఉలిక్కిపడి గోడమీది దవడ బొమ్మకేసి చూశాడు.

"మనవరాలినండీ!" అందావిడ కంగారుగా. డాక్టరమ్మ పగలబడి నవ్వింది.

బయట మెట్లమీద ఆవిడ కూలబడి ఏడ్చేసింది. "అన్నయ్య కూడా ముందే ఎవరికైనా చూపించుకునుంటే..."

ఆయన పక్కనే కూర్చుని, గ్రీజు మరకలు వదలని చేత్తో ఆవిడ వీపు నిమిరాడు. తొందరేం లేదన్నట్టు, ఏడుపు పూర్తయ్యేదాకా అక్కడే ఉన్నాడు.

ఆ సాయంత్రం మనవరాలు నానమ్మ నాలుకను దగ్గరగా చూసి, తాతను కూడా చాపమంది. ఆయన ఆ వయసులో, వీధి వాకిట్లో నిలబడి, నిండుగా నాలుక చాపాడు.